ఆ ఐదుగురూ ఒక్క మనిషే: పాత హాలీవుడ్ సినిమాల్లో టైటిల్స్‌కెక్కని వేషాల గురించి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఈ మధ్య పిల్లలతో కూర్చుని 1939 నాటి 'ది విజార్డ్ ఆఫ్ ఓజ్' చూశారు. పచ్చల నగరం తలుపు దగ్గరి మీసాల కాపలాదారు, గుర్రపుబండి తోలేవాడు, చివర్లో బయటపడే మాంత్రికుడు, ముగ్గురూ ఒకే మనిషిలా అనిపించారు. చివరి టైటిల్స్ చూస్తే ఆ నటుడి పేరుకు ఎదురుగా ఒక్క పాత్రే ఉంది. ఇది మీ భ్రమా? నిజమైతే ఎందుకు చెప్పలేదు? అప్పట్లో ఇది మామూలేనా?

భ్రమ కాదు. మీరు ముగ్గురిని పట్టుకున్నారు, నిజానికి ఐదుగురు ఉన్నారు. అందరూ ఫ్రాంక్ మోర్గన్. ఇక మామూలేనా అంటే, అవును, చాలా మామూలు. పేరు వేయకపోవడానికి కారణం మాత్రం ఒక్కో సినిమాలో ఒక్కోటి. కొన్నిచోట్ల కథ కోసం, కొన్నిచోట్ల చేతిలో ఉన్న మనిషితో పని కానిచ్చేయడం కోసం, కొన్నిచోట్ల ప్రేక్షకుడికి అసలు సంగతి తెలియకూడదని. టైటిల్ కార్డు చూసి ఎవరి పేరు వేయడానికి ఒప్పందం కుదిరిందో తెలుసుకోవచ్చు. సినిమాలో ఎవరు ఏం చేశారో తెలుసుకోవాలంటే వేరే దారులు వెతకాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

నేను పదకొండేళ్లు ఎడిటింగ్ అసిస్టెంటుగా పనిచేశాను, మొదట మద్రాసులో, తర్వాత హైదరాబాదులో. ఇరవై ఏళ్లుగా మా ఫిల్మ్ క్లబ్బులో పాత ఇంగ్లిష్ సినిమాలు వేసినప్పుడు ప్రేక్షకులకు పంచే నోట్సు రాస్తున్నాను. కాబట్టి ఈ ప్రశ్న నాకు ఏడాదికి రెండు మూడుసార్లయినా ఎదురవుతుంది. కాస్త వివరంగానే చెబుతాను.

ముందు మీ సినిమా సంగతి. మోర్గన్ మొదట అమెరికాలోని కాన్సస్‌లో, రోడ్డు పక్కన బండి పెట్టుకుని జోస్యం చెప్పే ప్రొఫెసర్ మార్వెల్‌గా కనిపిస్తాడు. కథ ఓజ్ అనే మాయాలోకానికి వెళ్లాక నగర ద్వారం దగ్గర కాపలాదారు, రంగులు మారే గుర్రం కట్టిన బండివాడు, మాంత్రికుడి కోట ముందు కాపలా కాసే భటుడు, చివరికి ఆ మాంత్రికుడు కూడా ఆయనే. కథానాయిక అయిన చిన్నపిల్ల డోరతీ తన గోడు చెప్పుకుంటుంటే వలవలా ఏడ్చేస్తాడే, ఆ భటుణ్ని మీరు వదిలేశారనుకుంటాను. ఈసారి చూడండి, ఆ ఏడుపులో గొంతు దొరికిపోతుంది.

ఆ చివరి టైటిల్స్‌ను ఇంకోసారి ఆపి చదవండి. మోర్గన్ ఒక్కడికే కాదు, దిష్టిబొమ్మగా వేసిన రే బోల్జర్‌కూ, రేకు మనిషిగా వేసిన జాక్ హేలీకీ, పిరికి సింహంగా వేసిన బర్ట్ లార్‌కీ కాన్సస్ పొలంలోని పాలేళ్ల పేర్లే ఉంటాయి. పచ్చ ముఖంతో ఎనభై ఏళ్లుగా పిల్లల్ని భయపెడుతున్న మార్గరెట్ హామిల్టన్ పేరుకు ఎదురుగా 'మిస్ గల్చ్' అనే ఉంటుంది, మంత్రగత్తె అని ఉండదు. ఇక్కడ ఎవరినో తొక్కేయడం లేదు. డోరతీకి ఓజ్ ఒక కల. ఆ కలలోకి వచ్చినవాళ్లు ఇంటి చుట్టుపక్కల వాళ్లే. మెలకువ వచ్చాక మంచం చుట్టూ ఉన్నవాళ్లను చూసి నువ్వూ ఉన్నావక్కడ, నువ్వూ ఉన్నావని ఆ పిల్ల చెబుతుంది. నిజంగా ఉన్నవాళ్లు కాన్సస్ వాళ్లే కాబట్టి, రెండు చోట్లా కనిపించే నటులకు జాబితాలో కాన్సస్ పాత్రే ఉంది. కథకు లోబడిన టైటిల్స్ ఇవి. నాకు చాలా ఇష్టం.

మోర్గన్ ఐదు వేషాల్లో కూడా అదే తర్కం ఉంది. మాంత్రికుడి గుట్టంతా తెర వెనుక ఒక మామూలు మనిషి ఉండటంలోనే ఉంది. నగరంలోకి అడుగుపెట్టినప్పటి నుంచి ఎటు తిరిగినా అదే మనిషి ఎదురవుతుంటే, తెర తొలగే సమయానికి మన మనసు ఎక్కడో అందుకు సిద్ధమై ఉంటుంది. మీకు అనుమానం రావడమే అందుకు సాక్ష్యం.

అయితే ఇదే సినిమాలో రెండో రకం కూడా ఉంది. అది నాకు నచ్చదు. మంచ్‌కిన్లుగా, అంటే ఓజ్‌లోని చిట్టి మనుషులుగా, నటించిన పొట్టి నటీనటులు 120 మందికి పైనే. టైటిల్స్‌లో వాళ్లలో ఒక్కరి పేరూ లేదు. వాళ్లను సమకూర్చిన లియో సింగర్ బృందం పేరు మాత్రం ఉంది. టోటో అనే కుక్కకు విడిగా పేరుంది. మంచ్‌కిన్ల గొంతుల్లో చాలావరకు వాళ్లవి కావు, వేరేవాళ్ల చేత పాడించి, వేగం మార్చి అతికించారు. ఆ గొంతుల్లో పింటో కాల్విగ్, బిల్లీ బ్లెచర్ ఉన్నారు, వాళ్ల పేర్లూ లేవు. రేకు మనిషి పాట మధ్యలో ఒక ఆడగొంతు రోమియో కోసం వెతుకుతూ ఒక్క లైను పాడుతుంది, విన్నారా? అది ఏడ్రియానా కాసెలొట్టి. అంతకు రెండేళ్ల ముందు డిస్నీ 'స్నో వైట్'లో రాకుమారి గొంతు ఆవిడదే.

ఆ 'స్నో వైట్' (1937) టైటిల్స్‌లో కూడా గొంతు ఇచ్చినవాళ్ల పేరు ఒక్కటి లేదు. బొమ్మలు గీసినవాళ్ల పేర్లు వరసగా ఉన్నాయి. కాల్విగ్ అందులో రెండు గొంతులు చేశాడు. ఎప్పుడూ చిరాకుగా ఉండే గ్రంపీ, ఎప్పుడూ నిద్రమత్తులో ఉండే స్లీపీ. దుష్ట రాణి, ఆవిడే మారువేషంలో వచ్చే ముసలి మంత్రగత్తె, ఈ ఇద్దరికీ లూసిల్ లా వెర్న్ గొంతు. ముసలిదాని గొంతు కోసం ఆవిడ పక్క గదిలోకి వెళ్లి కట్టుడు పళ్లు తీసేసి వచ్చిందని అప్పుడు పనిచేసిన వాళ్లు చెప్పుకునేవారు. కాసెలొట్టికి మొత్తం పనికి ముట్టింది 970 డాలర్లు. మా క్లబ్బులో ఒకసారి పిల్లలకు ఈ సినిమా వేసినప్పుడు, రాణి సీను, ముసలిదాని సీను కళ్లు మూసుకుని వినమన్నాను. పెద్దవాళ్లెవరూ పోల్చలేదు గానీ, ఎనిమిదేళ్ల పాప ఒకతె "ఇద్దరూ ఒకే ఆంటీ" అని టక్కున చెప్పేసింది.

ఇక్కడ మన ప్రేక్షకులకు ఒక తికమక సహజంగా వస్తుంది. మనకు ద్విపాత్రాభినయం అంటే పోస్టరు మీద వేసుకునే విశేషం. 1977లో వచ్చిన 'దాన వీర శూర కర్ణ'లో ఎన్టీఆర్ మూడు పాత్రలు వేశారంటే ఊరూరా చెప్పుకున్నారు, అదే సినిమాకు ఆకర్షణ. హాలీవుడ్‌లోనూ అలాంటివి ఉన్నాయి. బస్టర్ కీటన్ 1921లో 'ది ప్లేహౌస్' మొదట్లో వేదిక మీదా, వాద్య బృందంలోనూ, ప్రేక్షకుల్లోనూ తానే కనిపిస్తాడు. ఒకే ఫ్రేములో తొమ్మిది మంది కీటన్లు! లెన్సు ముందు కొంత భాగం మాత్రమే తెరిచి, తీసి, ఫిల్మును వెనక్కి తిప్పి, మళ్లీ తీసి, అలా తొమ్మిదిసార్లు. కెమెరామన్ ఎల్జిన్ లెస్లీ ప్రతిసారీ చేత్తో ఒకే వేగంతో హ్యాండిల్ తిప్పాలి. మాస్కు షాట్లు అతికించే పని దగ్గర నుంచి చూసిన నాకు ఆ సీను ఎప్పుడు చూసినా ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ అక్కడ పేరు కనబడటమే తమాషా. మీరు అడిగినది దానికి తిరగబడ్డ వ్యవహారం. వేషాలు వేసిన సంగతి ఎవరికీ తెలియకుండా సాగిపోయిన పని.

మన దగ్గర దానికి పోలిక వెతకాలంటే సినిమాలోకన్నా నాటకంలో వెతకాలి. సురభి వంటి కుటుంబ నాటక సమాజాల్లో మొదటి అంకంలో ద్వారపాలకుడిగా వచ్చినవాడు మూడో అంకంలో మునిగా రావడం ఎవరికీ వింత కాదు. ఉన్న మనుషులు ఇంతమంది, పాత్రలు అంతకన్నా ఎక్కువ. అమెరికాలో కూడా తొలినాటి సినిమావాళ్లు చాలామంది ఊరూరా తిరిగే నాటక కంపెనీల నుంచి వచ్చినవాళ్లే. అలవాటు వాళ్ల వెంటే వచ్చింది.

మూకీల కాలంలో దీనికి ఒక విపరీతమైన ఉదాహరణ 1915 నాటి 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్'. నల్లజాతి వారి మీద విషం చిమ్మి, కూ క్లక్స్ క్లాన్ అనే ముసుగుల జాత్యహంకార ముఠాను ఆకాశానికెత్తిన సినిమా అది. అందుకే మా క్లబ్బులో దాన్ని వివరణ లేకుండా ఎప్పుడూ వేయలేదు. అందులో అబ్రహాం లింకన్‌గా వేసిన జోసెఫ్ హెనబెరీ, తాను అందులో పదమూడు చిన్నాచితకా వేషాలు కూడా వేశానని దశాబ్దాల తర్వాత చెప్పాడు. ఒక తరుముడు సీనులో నల్లరంగు పూసుకుని పారిపోయే గుంపులోనూ తానే, వెంటబడే గుంపులోనూ తానేనట. అంటే తనను తానే తరుముకున్నాడు. నల్లజాతి పాత్రలకు నల్లజాతి నటులను దూరం పెట్టి, తెల్లవాళ్లకు రంగు పూసి సరిపెట్టుకోవడం వల్లే అది సాధ్యమైంది. పేరు లేని వేషాల వెనుక ఇలాంటి చేదు కారణాలూ ఉంటాయి.

తర్వాత స్టూడియోలు పెరిగాక పరిస్థితి మారింది. ఎక్స్‌ట్రాల కోసం 1925లో సెంట్రల్ కాస్టింగ్ అనే సంస్థ పెట్టారు. 1933లో నటుల సంఘం పుట్టింది. డైలాగు ఉన్న వేషానికి ఒక రేటు, గుంపులో నిలబడితే ఒక రేటు, సొంత బట్టలతో వచ్చి పార్టీ సీన్లలో నిలబడే 'డ్రెస్ ఎక్స్‌ట్రా'కు ఇంకో రేటు. ఈ చివరి రకంలో మహారాణి బెస్ ఫ్లవర్స్. వందల సినిమాల్లో ఉంది. ఆస్కార్ ఉత్తమ చిత్రాలుగా నిలిచిన వాటిలోనే ఐదింట్లో కనిపిస్తుంది, 'ఇట్ హాపెన్డ్ వన్ నైట్' నుంచి 'అరౌండ్ ది వరల్డ్ ఇన్ 80 డేస్' దాకా. తెర మీద పేరు పడిన సందర్భాలు చాలా అరుదు.

అప్పటి టైటిల్స్ ఒకటి రెండు నిమిషాల్లో అయిపోయేవి. ఇప్పుడు చూస్తున్నట్టు టీ ఇచ్చినవాళ్ల దాకా పేర్లు దొర్లే పద్ధతి 1970ల తర్వాతే స్థిరపడింది. పైగా స్టూడియోలో నెలసరి జీతగాళ్లలా ఒప్పందం మీద ఉన్న నటులు, స్టంటు మనుషులు ఎప్పుడూ అందుబాటులో ఉండేవారు. ఇవాళ ఈ టోపీ పెట్టుకో, మధ్యాహ్నం ఆ గడ్డం పెట్టుకో అంటే అయిపోయేది. దీన్ని నేను కళ్లారా చూశాను, మన దగ్గరే. ఒక సినిమా ఎడిటింగులో ఉండగా, మొదటి రీల్లో రైతుగా దండం పెట్టిన జూనియర్ ఆర్టిస్టు ఏడో రీల్లో కానిస్టేబులై అదే హీరోకు బేడీలు వేస్తున్నాడు. నేనే కనిపెట్టి చెప్పాను. మళ్లీ తీసే వీలు లేక బేడీల షాటును చేతుల దాకా కట్ చేశాం. ఆ పెద్దాయన పేరు మాకు ఎవరికీ తెలియదు. అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది.

ఈ విషయంలో అసలైన చరిత్ర స్టంటు మనుషులది. జాన్ ఫోర్డ్ తీసిన 'స్టేజ్‌కోచ్' (1939) చూడండి. ఎండిపోయిన సరస్సు నేల మీద గుర్రబ్బండిని అపాచీ తెగవాళ్లు తరుముతుంటారు. ఒక అపాచీ తన గుర్రం మీంచి బండికి కట్టిన ముందు గుర్రాల మీదికి దూకుతాడు. జాన్ వేన్ తుపాకీ పేలుస్తాడు. అపాచీ గుర్రాల మధ్య వేలాడి, కింద పడి, బండి మొత్తం అతని మీదుగా వెళ్లిపోతుంది. కాసేపటికి జాన్ వేన్ పాత్రే పగ్గాల కోసం గుర్రం మీంచి గుర్రం మీదికి దూకుతూ ముందుకు వెళ్తుంది. ఆ పడ్డవాడూ, ఈ దూకినవాడూ ఒక్కడే. పేరు యాకిమా కనట్. కథ ప్రకారం హీరో కాల్చాడు, విలన్ పడ్డాడు. నేల మీద మాత్రం రెండు ప్రమాదాలూ ఒకే ఒంటి మీదికి వచ్చాయి. సినిమా టైటిల్స్‌లో ఆయన పేరు లేదు. అదే ఏడాది 'గాన్ విత్ ది విండ్'లో మంటల్లో తగలబడుతున్న అట్లాంటా గుండా బండి తోలిన క్లార్క్ గేబుల్ డూపు కూడా ఆయనే, తర్వాత వంతెన దగ్గర కథానాయిక స్కార్లెట్ మీద దాడి చేసే దుండగుడూ ఆయనే. స్టంటు పనికి గాను ఆయనకు గౌరవ ఆస్కార్ దక్కేసరికి 1960ల చివరి భాగం వచ్చింది.

ఇంకా విచిత్రం 1943లో రిపబ్లిక్ స్టూడియో తీసిన 'ది మాస్క్డ్ మార్వెల్' అనే సీరియల్. పన్నెండు భాగాలు. ముసుగు వీరుడు నలుగురు ఇన్సూరెన్సు పరిశోధకుల్లో ఎవరన్నది చివరిదాకా ప్రశ్న. ముసుగు వేసుకుని ఆ సీరియల్ మొత్తం మోసింది టామ్ స్టీల్ అనే స్టంటు మనిషి. అంటే హీరో. టైటిల్స్‌లో హీరో పేరే లేదు! గొంతు కూడా ఆయనది కాదు, గేన్ విట్‌మన్ అనే రేడియో నటుడిది. చాలక, స్టీల్ అదే సీరియల్లో దుండగుల వేషాలు కూడా వేశాడు. గుట్టు దాచాలి కాబట్టి పేరు వేయలేదని అంటే మొదటి భాగానికి ఒప్పుకుంటాను. పన్నెండో భాగంలో గుట్టు విప్పాక కూడా ఆ మనిషి పేరు రాలేదే, దానికి సమాధానం లేదు.

గుట్టు కోసం పేరు దాచడంలో అందమైన ఉదాహరణ కావాలంటే 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టయిన్' (1935) చూడండి. సినిమా మొదట్లో రచయిత్రి మేరీ షెల్లీగా ఎల్సా లాంచెస్టర్ కనిపిస్తుంది, ఆ పాత్రకు పేరు వేశారు. చివర్లో కట్టు విప్పితే బయటపడే వధువు, జుట్టు నిక్కబొడుచుకుని తెల్లటి మెరుపు చారలతో, అది కూడా ఆవిడే. టైటిల్స్‌లో ఆ పాత్రకు ఎదురుగా ఒక ప్రశ్నార్థకం గుర్తు మాత్రం ఉంటుంది. నాలుగేళ్ల ముందు 'ఫ్రాంకెన్‌స్టయిన్' మొదటి టైటిల్స్‌లో బోరిస్ కార్లాఫ్‌కు చేసిందే ఇది, కానీ అక్కడ చివర్లో పేరు చెప్పారు. ఇక్కడ చివర్లో కూడా ప్రశ్నార్థకమే. కథ రాసినావిడే ఆ కథలో పుట్టిన ప్రాణి అన్న ఊహ ఎంత బాగుందో! పేరు వేసి ఉంటే అది పలచబడేది. మా క్లబ్బులో ఈ సినిమా వేసిన మూడుసార్లూ, అయిపోయాక వధువు ఎవరని అడిగితే సగం మంది చెప్పలేకపోయారు.

దయ్యాల సినిమాల్లోనే ఇంకొకటి, అనుకోకుండా జరిగింది. 'ఆబట్ అండ్ కాస్టెల్లో మీట్ ఫ్రాంకెన్‌స్టయిన్' (1948). రాక్షసుడి వేషం గ్లెన్ స్ట్రేంజ్‌ది, తోడేలు మనిషి వేషం లాన్ చేనీ జూనియర్‌ది. షూటింగులో స్ట్రేంజ్ కాలికి దెబ్బ తగిలింది. డాక్టర్ సాండ్రా మోర్నే అనే పాత్రను ఎత్తి కిటికీలోంచి విసిరేసే షాటు మిగిలి ఉంది. చేనీ ఆ రాక్షసుడి మేకప్పు వేసుకుని ఆ షాటు చేసేశాడు. అంతకు ఆరేళ్ల ముందు ఒక సినిమాలో ఆయన ఆ వేషం వేసి ఉన్నాడు కాబట్టి కొత్తేమీ కాదు. ఈ స్ట్రేంజ్ కూడా తక్కువవాడు కాదు. 1936 నాటి 'ఫ్లాష్ గోర్డన్' సీరియల్లో పీత చేతుల భూతం తొడుగులో ఉన్నదీ, మింగ్ చక్రవర్తి సైనికుడిగా నిలబడిందీ ఆయనే, రెంటికీ పేరు లేదు.

'సిటిజన్ కేన్' (1941) గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే గొప్ప సినిమాల్లో ఇలా జరగదనే అపోహ చాలామందికి ఉంది. వార్తాచిత్రం ముగిశాక చీకటి ప్రొజెక్షన్ గదిలో పత్రికలవాళ్లు వాదించుకునే సీను గుర్తుందా? ముఖాలు కనబడవు, వెనక నుంచి వెలుగు. ఆ గుంపులో జోసెఫ్ కాటెన్, ఎర్స్‌కిన్ శాన్‌ఫర్డ్ ఉన్నారు. ఇద్దరికీ సినిమాలో తర్వాత పెద్ద పాత్రలున్నాయి. ఆ సీనును దర్శకుడు ఆర్సన్ వెల్స్ టెస్టు షూటింగు అని స్టూడియోకు చెప్పి ముందుగా తీసేశాడు, అప్పటికి దగ్గరున్న సొంత బృందాన్ని వాడుకున్నాడు. విలేకరి థాంప్సన్‌గా వేసిన విలియం ఆలండ్‌దే ఆ వార్తాచిత్రం వ్యాఖ్యాత గొంతు కూడా. వీళ్లంతా రేడియో నుంచి వచ్చినవాళ్లు. రేడియో నాటకంలో ఒకే మనిషి అరగంటలో పోలీసూ, డాక్టరూ, పక్కింటాయనా కావడం రోజువారీ పని. అందుకే వాళ్లెవరూ దీన్ని విశేషంగా తలచలేదు.

గొంతుల దగ్గరికి వస్తే నాకు మాట్లాడాలని మరీ ఎక్కువ ఉంటుంది. 'ది టెన్ కమాండ్‌మెంట్స్' (1956)లో మండే పొద దగ్గర మోషేతో మాట్లాడే దేవుడి గొంతు చార్ల్‌టన్ హెస్టన్‌దే, వేగం తగ్గించి వాడారు. అంటే ఆ సీనులో అడిగేదీ ఆయనే, బదులిచ్చేదీ ఆయనే. టైటిల్స్‌లో రెండోది లేదు. అది భక్తితో, కథ పట్ల గౌరవంతో చేసిన పని అనుకుంటాను. వార్నర్ కార్టూన్లలో వేరే సంగతి. వాటికి గొంతిచ్చే మెల్ బ్లాంక్ జీతం పెంచమని అడిగితే పెంచకుండా గొంతు పేరు వేస్తామన్నారు. అలా ఆయన పేరు ఒక్కటే పడటం మొదలైంది. ఎల్మర్ ఫడ్ అనే కార్టూన్ పాత్రకు ఏళ్ల తరబడి గొంతిచ్చిన ఆర్థర్ క్యూ. బ్రయన్ పేరు లేక, ఆ గొంతు కూడా బ్లాంక్‌దేనని జనం ఇప్పటికీ అనుకుంటారు.

మార్నీ నిక్సన్ కథ ఇంకా ముఖ్యం. 'ది కింగ్ అండ్ ఐ' (1956)లో డెబొరా కెర్‌కు, 'వెస్ట్ సైడ్ స్టోరీ' (1961)లో నటాలీ వుడ్‌కు, 'మై ఫెయిర్ లేడీ' (1964)లో ఆడ్రీ హెప్‌బర్న్‌కు పాటలు పాడింది. ఆ సినిమాల్లో ఎక్కడా పేరు లేదు. బయటకు చెబితే ఇక పని దొరకదని మొదట్లో బెదిరించారని ఆవిడే తర్వాత చెప్పింది. 'వెస్ట్ సైడ్ స్టోరీ'లో అందరూ కలిసి పాడే ఐదు గొంతుల పాట ఒకటుంది. అందులో కథానాయిక మరియా గొంతూ ఆవిడదే, అనీటా అనే మరో పాత్ర గొంతూ ఆవిడదే, అనీటాకు పాడాల్సిన గాయనికి ఆరోగ్యం బాగాలేక. సంగీత దర్శకుడు లెనార్డ్ బర్న్‌స్టయిన్ ఆల్బమ్ మీద తన వాటాలోంచి కొంత ఆవిడకు ఇచ్చాడు. మన సినిమాల్లో సుశీల గారు పాడారనో, ఘంటసాల గారు పాడారనో చెప్పుకోవడం ఎప్పుడూ గొప్పే, తెర మీద పేరు పడేది. కాబట్టి ఈ రహస్యం మనకు అర్థం కావడం కష్టం. కానీ మన డబ్బింగు కళాకారులను అడిగి చూడండి, వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఇక జాగ్రత్తల విషయం. ఇంటర్నెట్‌లో సినిమా జాబితాల్లో ఒక నటుడి పేరు పక్కన 'పేరు వేయని పాత్ర' అని కనబడితే వెంటనే నమ్మకండి. చాలావాటిని అభిమానులు చేరుస్తారు. ముఖం పోలింది అన్నదే ఆధారం కావచ్చు. నా పొరపాటే చెబుతాను. చాలా ఏళ్ల కిందట నోట్సులో 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్'లో ముసుగు గుర్రపు రౌతుల్లో దర్శకుడు జాన్ ఫోర్డ్ ఉన్నాడని ఖాయంగా రాశాను. ఫోర్డ్ స్వయంగా చెప్పుకున్నాడు కదా అని. మా సభ్యుల్లో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు లేచి, "ముసుగు కింద ముఖం ఎవరు చూశారండీ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి నోట్సులో రెండు వేర్వేరు మాటలు వాడుతున్నాను. తెర మీద కనబడితే 'ఉన్నాడు', మనిషే చెప్పుకుంటే 'ఉన్నానన్నాడు'.

దీనికి తిరగబడ్డ పొరపాటు కూడా ఉంది. ఒకే పాత్రను ఎక్కువ మంది వేయడం. 'సైకో' (1960)లో తల్లి గొంతు ముగ్గురిది, స్నానాల గదిలో కత్తితో కనిపించేది మార్గో ఎపర్ అనే స్టంటు మనిషి. అక్కడ ఒక నటుడిని గుర్తుపట్టాను అనుకుంటే తప్పులో కాలేసినట్టే.

మీరే వెతకాలనుకుంటే, జుట్టు, మీసం, ముక్కు వదిలేయండి. అవి మేకప్పువాళ్ల చేతిలో ఉంటాయి. చెవి ఆకారం మారదు, దగ్గరి షాటులో ఆపి చూడండి. నడక మారదు, ముఖ్యంగా వెనక నుంచి. చేతులు ఎక్కడ పెట్టుకుంటాడో చూడండి. మోర్గన్‌కు మాట మధ్యలో తడబడి, గొంతు సవరించుకుని, మళ్లీ ఎత్తుకునే అలవాటుంది. ఐదు వేషాల్లోనూ అది వదల్లేదు. బొమ్మ ఆపేసి శబ్దం మాత్రం విన్నా దొరుకుతాడు. అనుమానం బలపడ్డాక కాగితాలు చూడాలి. అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల కేటలాగు ఆన్‌లైన్లో ఉంది, అభిమానుల జాబితాలకన్నా చాలా నమ్మదగినది. లాస్ ఏంజెలెస్ పక్కనే బెవర్లీ హిల్స్‌లో ఆస్కార్ అకాడమీ వాళ్ల మార్గరెట్ హెరిక్ లైబ్రరీలో స్టూడియో పత్రాలు, స్క్రిప్టులు ఉన్నాయి. అమెరికాలో ఉన్న మన పిల్లలెవరైనా ఆ పక్కకు వెళ్తే చూడదగిన చోటు.

పిల్లలతో మళ్లీ చూస్తానన్నారు కాబట్టి ఒక చిన్న సూచన. ముందుగా ఐదు వేషాల సంగతి చెప్పకండి. ప్రొఫెసర్ మార్వెల్ బండి దగ్గర డోరతీతో మాట్లాడే సీను అయ్యాక ఒక్క నిమిషం ఆపి, "ఈ తాతయ్య మళ్లీ ఎన్నిసార్లు వస్తాడో లెక్కపెట్టండి" అనండి. కోట ముందు భటుడి దగ్గర వాళ్లు ఏమంటారో నాకు ఇక్కడ రాస్తే సంతోషిస్తాను. పెద్దవాళ్లు ఎక్కువగా తప్పేది అక్కడే.